తాలు

పేరేచర్ల రోడ్డులో కోల్డ్ స్టోరేజీ డాబా మీద
నా టెలిస్కోపు.
కింద లక్ష టిక్కీల మిరపకాయలు నిద్రపోతుంటాయి.
కంప్రెసర్ తిరిగినప్పుడల్లా గోడలు గుర్రుపెడతాయి,
కటకంలో చుక్క రెండవుతుంది.
నిజానికి అది రెండే.
కానీ ఆ రెండూ ఈ రెండూ ఒకటి కాదు.

అందుకే మోటారు ఆగే పద్దెనిమిది నిమిషాలే నావి.
మిగతా వేళంతా గుమాస్తాను:
ఏ రైతు పేరున ఏ గది, ఎన్ని టిక్కీలు, అద్దె బాకీ ఎంత.

సింహరాశి వెనక కాలి దగ్గర, ఉత్త కంటికి ఆనని చుక్క.
వేరుశనక్కాయలో పప్పుల్లా
ఒకే పొట్టులో ఒరుసుకుంటూ తిరిగే రెండు నక్షత్రాలు.
ఆరు గంటల నలభై నిమిషాలకొక చుట్టు.
ఒకటి ఇంకోదానికి అడ్డొస్తే వెలుగు లోయలో పడుతుంది,
పక్కపక్కన నిలబడితే గట్టెక్కుతుంది.
గోనె కుట్టినట్టు రాత్రుల ముక్కలన్నీ కలిపి కుట్టి
ఒక చుట్టు చేశాను.
రెండు లోయలు, రెండు గట్లు.
న్యాయంగా గట్లు రెండూ ఒకే ఎత్తుండాలి.
లేవు.

మొదట నన్నే అనుమానించాను.
యార్డు మీద లేచిన ఘాటు అనుకున్నాను,
అద్దం మీద కారపు నలక అనుకున్నాను,
తుమ్మి, తుడిచి, మళ్లీ కొలిచాను.
కాటాలో రాయి వేసి సరుకు తూచినట్టు
పక్కనున్న మారని చుక్కతో తూచాను.
రెండో గట్టు కుంగే ఉంది.

తొడిమలు తీసే ముఠాలో నాగూర్‌బీ
టీ గ్లాసు అందిస్తూ తెర మీద గీత చూసింది.
"ఇదేందయ్యా, దీనికి ఒక భుజం జారింది?"
మచ్చ, అన్నాను. ఒకదాని ఒంటి మీద ఎక్కడో ఉంది.
అది మనవైపు తిరిగినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది.
"ఓహో. తాలు" అంది.
ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను.

చిక్కల్లా ఇక్కడే.
చిన్నది, బొగ్గులాంటిదైనా
పెద్దది, వెలిసిపోయినదైనా
గట్టు కుంగేది అంతే.
ఒక్క రంగు సాక్ష్యానికి తీర్పు రాదు.

తాలు ఎట్టా పడతావని ఆమెనే అడిగాను.
"పొద్దుటెండలో ఒకసారి చూస్తా.
ట్యూబులైటు కింద మంచి తేజా కూడా పాలిపోయినట్టే ఉంటది,
అందుకని నీడకు తీసుకపోయి ఇంకోసారి.
ఒక్క వెలుగులో ఏరినోళ్లు కూలి పోగొట్టుకుంటారు."

నా చక్రంలో నాలుగు గాజుబిళ్లలు:
నీలం, ఆకుపచ్చ, ఎరుపు, ఎరుపు దాటిన ఎరుపు.
ఇరవై రెండు రాత్రులు తిప్పాను.
నీలంలో గట్టు నూటికి నాలుగు పాళ్లు కుంగింది,
ఆకుపచ్చలో మూడు చిల్లర, ఎరుపులో రెండున్నర,
కంటికందని ఎరుపులో రెండుకు కాస్త తక్కువ.
బొగ్గయితే అన్ని రంగుల్లో ఒకేలా కుంగేది.
ఇది చల్లబడిన చోటు,
చుట్టూ ఉన్న మంటకన్నా ఎనిమిది వందల డిగ్రీలు చల్లన.
ఇనుమును ఆవిరి చేసే చల్లదనం!
కింద మేము ఏడు డిగ్రీల దగ్గర
కాయ రంగు నిలబెట్టడానికి
నెలకు నాలుగు లక్షలు కరెంటుకు కడుతున్నాం.

మచ్చ నడుము దగ్గరుందో నెత్తి దగ్గరుందో తేలలేదు.
ఎక్కడైనా సరే అంటుంది లెక్క.
అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.

మరుసటేడు కొత్త కాయ వచ్చింది, ముఠా వచ్చింది,
సింహం ఎక్కొచ్చింది.
ఈసారి కుంగింది మొదటి గట్టు.
నాగూర్‌బీ గోనె మీద కూర్చుని
మండే వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటోంది.
"అటునుంచి ఇటొచ్చిందా?"
వచ్చింది. లేదా అది మాసిపోయి ఇంకోటి పుట్టింది.
కాసేపు ఏమీ అనలేదు.
"అయితే తాలు కాదయ్యా.
తాలు పట్టిన కాయ మళ్లీ ఎర్రబడదు.
నే తప్పు చెప్పా, కొట్టెయ్."

కొట్టేయలేదు. పక్కన తేదీ వేశాను.

కంప్రెసర్ ఆగింది.
నీలం బిళ్లతో మొదలుపెట్టాను.